తెల్లవారుజామున ఏరేటర్లు ట్రిప్ కావడం: నా అనుభవం

భీమవరం దగ్గర మావి ఆరు రొయ్యల చెరువులు. ప్రతి చెరువుకూ ఒక చిన్న కంట్రోలర్. నీటిలో ఆక్సిజన్ తగ్గితే అదే ఏరేటర్ (నీళ్లు చిమ్మి గాలి కలిపే చక్రాల యంత్రం) వేస్తుంది, పెరిగితే ఆపుతుంది. అన్నింటికీ పైన పెత్తనం చేసే కంప్యూటర్ లేదు. రాత్రి ఎండ లేక నాచు ఆక్సిజన్ ఇవ్వదు కనుక తెల్లవారుజామున ఆక్సిజన్ అడుగంటుతుంది. సరిగ్గా ఆ వేళకే ఆరూ ఒక్కసారిగా లేచేవి, బ్రేకర్ పడిపోయేది.

సెన్సర్లు, కేబుల్, బ్రేకర్ అన్నీ మార్చి చూశాను, ఫలితం లేదు.

మోటారు లేచేటప్పుడు లాగే కరెంటు, తిరిగేటప్పటి కంటే కొన్ని రెట్లు ఎక్కువ. కాబట్టి అవి ఒకదాని తరువాత ఒకటి లేవాలి. ముందుగా ఒకే హద్దును రెండు చేశాను: లీటరుకు 4 మిల్లీగ్రాములకు దిగితే వేయాలి, 5.5 దాటాకే ఆపాలి. మాటిమాటికీ వేసి ఆపడం దీనితో పోయింది.

తరువాతిదే అసలు మందు. వేయాలనుకున్న కంట్రోలర్ 0 నుంచి 90 లోపు ఏదో ఒక అంకె తీసుకుని అన్ని సెకన్లు ఆగుతుంది. ఆ లోపు రేడియోలో పక్క చెరువు “లేస్తున్నాను” అంటే మరో 20 సెకన్లు ఆగుతుంది. తన వంతు రాగానే తానూ ఆ మాట చెప్పి లేస్తుంది. పాత ఈథర్‌నెట్ (కంప్యూటర్లను కలిపే) కేబుల్ మీద సందేశాలు ఢీకొన్నప్పుడు కంప్యూటర్లు ఆగేదీ ఇలా అంకె తీసుకునే. ఆక్సిజన్ 3 కంటే దిగితే మాత్రం ఆగడం లేదు, వెంటనే వేస్తుంది. రొయ్య ప్రాణం ముందు.

ఆ రాత్రి గట్టు మీద నిలబడి విన్నాను. ఒక చెరువులో చక్రాలు నీళ్లు చిమ్మడం మొదలై, అది కుదురుకున్నాక రెండోది, ఆ తరువాత మూడోది. బ్రేకర్ పడలేదు.

ఇది ఆరు చెరువుల్లో ఒక్క పంటకాలం చూసిన మాట. ఇరవై ఉంటే 90 సెకన్లు చాలకపోవచ్చు. సెన్సర్ కొనకు పాచి పడితే అంకెలే తప్పుతాయి, నేను రోజూ మెత్తని గుడ్డతో తుడుస్తున్నాను.