వంద మీటర్లలో నా టైమింగ్ ఇలా తగ్గింది

ఏడాదిన్నర పాటు నా టైమింగ్ 12.4 సెకన్ల దగ్గరే ఆగిపోయింది. అమలాపురం దగ్గర కాలవగట్టు మీద రోజూ పొద్దున్నే పదిసార్లు వంద మీటర్లు పరుగెత్తేవాణ్ణి. పిక్కలు పట్టేసేవి తప్ప టైమింగ్ కదిలేది కాదు.

ఒకరోజు తమ్ముడు ఫోన్‌లో స్లో మోషన్‌లో తీసి చూపించాడు. "అన్నయ్యా, రెండో అడుగుకే నిటారుగా లేచిపోతున్నావు చూడు" అన్నాడు. నిజమే. తల ఎత్తి చివరి గీత వైపు చూస్తున్నాను. పాదం నడుముకు బాగా ముందు, మడమ మీద పడుతోంది. అలా పడిన ప్రతి అడుగూ బ్రేక్ వేసినట్టే!

గట్టు మీద మేకులు దిగ్గొట్టి, పరుగు మొదలుపెట్టేటప్పుడు పాదాలు ఆనించే బ్లాకులు సరిచేశాను. ముందుది మొదలుపెట్టే గీతకు రెండు పాదాల దూరంలో, వెనకది మూడు పాదాల దూరంలో. 'సెట్' అన్నప్పుడు ముందు మోకాలు దాదాపు 90 డిగ్రీలు, వెనకది 120కి పైన. మొదటి పది అడుగులూ చూపు నేల మీదే, నేలను వెనక్కి తన్నడమే పని.

పరుగులు వారానికి మూడు రోజులకు, రోజుకు ఆరుకు తగ్గించాను. మధ్యలో ఐదేసి నిమిషాల విశ్రాంతి. నాకు అన్నిటికంటే కష్టమైంది ఈ ఆగడమే. వాన పడితే నల్లమట్టి బూట్లకు ముద్దలుగా అంటుకుంటుంది, ఆ రోజు అరుగు మెట్ల మీద గెంతులు.

మూడు నెలలకు కాకినాడ పోటీలో 12.0 వచ్చింది. అది చేతి స్టాప్‌వాచ్ లెక్క. ఎలక్ట్రానిక్ టైమింగ్‌తో పోల్చాలంటే 0.24 కలుపుకోవాలి. అయినా ఆ టైమింగ్ రాసిన కాగితం ఇంట్లో దేవుడి పటం దగ్గర పెట్టాను.