అంబాసిడర్‌లో చెయ్యి పట్టని చోట్లు: సైడ్ కవర్ లీకు, సెల్ఫ్ పై బోల్టు

ఈ కాలపు కార్లతో పోలిస్తే పాత అంబాసిడర్ బానెట్ కింద బోలెడు చోటు ఉన్నట్టే కనిపిస్తుంది. ప్లగ్గులు, డెల్కో (ప్లగ్గులకు కరెంటు పంచే డిస్ట్రిబ్యూటర్), డైనమో, రేడియేటర్ గొట్టాలు అన్నీ నిలబడే విప్పుకోవచ్చు. చెయ్యి పట్టని చోట్లు రెండు మూడే. ఆయిల్ కారేదీ, బోల్టు మొండికేసేదీ సరిగ్గా అక్కడే. ఇక్కడ చెప్పేదంతా 1489 సీసీ పెట్రోల్ ఇంజన్ గురించి. ఇసుజు ఇంజన్ బండ్లకు ఈ కొలతలు వర్తించవు.

ఇలాంటి చోట్ల పని చెడేది ఎక్కువగా ఒకే కారణంతో. అడ్డంగా ఉన్న భాగాన్ని తీయడానికి బద్ధకించి, సందులోంచే పని కానిచ్చేయాలని చూస్తాం. అరగంటలో ఊడే మానిఫోల్డును (ఇంజన్‌లోకి పెట్రోలు-గాలి, బయటికి పొగ తీసుకుపోయే పోత గొట్టాల జత) తీయకుండా సందులోంచి రెండు గంటలు కుస్తీ పడతాం, చివరికి నట్టు మూలలు అరిగిపోతాయి, మానిఫోల్డు ఎలాగూ తీయక తప్పదు. అందుకని ముందు చోటు చేసుకోండి, ఆ తర్వాతే పానా పట్టండి.

పానాల సంగతి మొదట తేలాలి. ఈ ఇంజన్ నట్లు అంగుళాల లెక్కవి. 1/2 అంగుళం అంటే 12.7 మిల్లీమీటర్లు. 13 నంబరు పానా పెడితే పట్టినట్టే ఉంటుంది, బిగువు మీదున్న నట్టు మీద మాత్రం జారి మూలలు గుండ్రం చేస్తుంది. 9/16 అంటే 14.3 మిల్లీమీటర్లు, 14 నంబరు ఎక్కదు, 15 వదులు. 7/16కు మాత్రం 11 నంబరు దాదాపు సరిపోతుంది. కంటికి కనపడే నట్టు జారితే మరో దారి వెతకొచ్చు, మానిఫోల్డు కింద నట్టు జారితే రోజంతా పోతుంది. 7/16, 1/2, 9/16 రింగు పానాలు, 1/2 అంగుళం లోతు సాకెట్, ఒక యూనివర్సల్ జాయింటు, 6, 10 అంగుళాల ఎక్స్‌టెన్షన్ రాడ్లు లేకుండా ఈ పని మొదలుపెట్టొద్దు.

మన వైపు షెడ్లలో కింద పరిచేది ఎక్కువగా నాపబండలే. జాకీ, స్టాండు కాళ్ల బరువంతా ఒక్క బిందువు మీద పడితే, కింద మట్టి గుల్లగా ఉన్నచోట బండ పుటుక్కున పగులుతుంది. ప్రతి స్టాండు కింద రెండంగుళాల మందం చెక్క పెట్టండి. వెనక చక్రాలకు ముందూ వెనకా రాళ్లు పెట్టండి. జాకీ ఒక్కదాని మీద నిలబెట్టిన బండి కిందికి దూరొద్దు, ఎంత చిన్న పనైనా సరే. బండ మీద ఆయిల్ పడితే కాలు జారుతుంది. శెనక్కాయ పొట్టో రంపపు పొట్టో చల్లితే పీల్చుకుంటుంది, పని అయ్యాక ఊడ్చి బయట పడేయండి, షెడ్డులో ఉంచితే నిప్పుకు ప్రమాదం. ఎండాకాలం కర్నూలులోనైనా అనంతపురంలోనైనా ఈ పని తెల్లవారుజామున పెట్టుకోవాలి. రాత్రంతా చల్లారిన ఇంజన్ మీద మానిఫోల్డు నిర్భయంగా పట్టుకోవచ్చు, పెట్రోలు ఆవిరి కూడా తక్కువ.

సైడ్ కవర్ లీకు

ఇంజనుకు ఎడమ పక్క, మానిఫోల్డు వెనక దాక్కొని రెండు రేకు కవర్లుంటాయి. వాటి వెనకే వాల్వులను ఎత్తే ట్యాపెట్లు ఆడతాయి. ఒక్కో కవరును మధ్యలో ఒకే బోల్టు పట్టి ఉంచుతుంది, చుట్టూ కార్క్ ప్యాకింగ్. ఏళ్ల తరబడి సైలెన్సర్ పైపు వేడికి కార్క్ పెళుసెక్కి ఆయిల్ వదులుతుంది. కారిన ఆయిల్ వేడి పైపు మీద పడి కమురు వాసన వస్తుంది.

విప్పే ముందు లీకు నిజంగా అక్కడిదేనా అన్నది తేల్చుకోండి. ఇంజన్ పై మూత, అంటే రాకర్ కవర్ నుంచి కారిన ఆయిల్ కూడా అదే దారిలో కిందికి దిగుతుంది. చల్లని ఇంజన్ మీద ఆ పక్కంతా కిరసనాయిలుతో కడిగి, గుడ్డతో తుడిచి, పూర్తిగా ఆరనివ్వండి. తర్వాత ముఖానికి పూసే పౌడరు పలచగా చల్లి, పది నిమిషాలు ఇంజన్ నడిపి, ఆపి చూడండి. పౌడరు మీద తడి గీత ఎక్కడ మొదలైందో అదే అసలు చోటు. కంటికి అందకపోతే ఫోన్ టార్చి వేసి, కెమెరా వీడియో పెట్టి సందులోకి దించండి.

ముందు కవరుకు ఇంజన్ గాలి వదిలే బ్రీదర్ గొట్టం ఉంటుంది. అది మడ్డితో పూడుకుపోతే లోపలి గాలి బయటికి పోయే దారి లేక, కొత్త ప్యాకింగ్ సందుల్లోంచి కూడా ఆయిల్‌ను తోసేస్తుంది. ప్యాకింగ్ మార్చినా నెలకే మళ్లీ కారుతోందంటే ముందు అనుమానించాల్సింది దీన్నే.

ఇక విప్పడం. బ్యాటరీ ఎర్త్ కేబుల్ తీయండి. బాగా పాత బండ్లలో ఎర్త్ పాజిటివ్ వైపు ఉండొచ్చు, కాబట్టి బాడీకి ఏ కేబుల్ పోతోందో చూసి తీయండి. ఎయిర్ క్లీనర్, పెట్రోలు పైపు, చోక్ కేబుల్, యాక్సిలరేటర్ రాడ్డు, వాక్యూమ్ పైపు ఊడదీయండి. పెట్రోలు పైపు మూతికి సరిపడే బోల్టు దూర్చి మూయండి. తర్వాత సైలెన్సర్ పైపును మానిఫోల్డు నుంచి విడదీయాలి. ఈ నట్లకు ముందురోజు సాయంత్రమే తుప్పు వదిలించే ఆయిల్ పోసి ఉంచండి, పొద్దున మరోసారి పోయండి. నట్టు కొంచెం తిరిగి బిగుసుకుంటే ముందుకే లాగొద్దు. పావు చుట్టు వెనక్కి బిగించి, ఆయిల్ పోసి, మళ్లీ వదులు చేయండి. అలా ముందుకూ వెనక్కూ ఆడిస్తే తుప్పు పొడి మరల్లోంచి బయటికి వస్తుంది. బలం పెట్టి ఒకేసారి లాగితే నట్టు ఎక్కే మర కడ్డీ, అంటే స్టడ్డు తెగుతుంది. స్టడ్డు మొదలంటా తెగితే ఇంట్లో చేత్తో డ్రిల్లు పెట్టొద్దు, పక్కకు పోతే హెడ్డుకే (ఇంజన్ పై దిమ్మెకే) బొక్క పడుతుంది. దాని మీద నట్టు వెల్డింగ్ చేసి తిప్పడం మిషన్ షాపు వాళ్ల పని.

హెడ్డుకు మానిఫోల్డును పట్టే నట్లకు 1/2 అంగుళం పానా. పై వరసవి తేలికే. కింది వరస చూపుకు ఆనదు, వేలితోనే తడిమి పట్టాలి. ముందు పానా లేకుండా ఒట్టి వేళ్లతో నట్టు ఎక్కడుందో, చుట్టూ ఎంత ఖాళీ ఉందో చూసుకోండి. ఆ తర్వాతే లోతు సాకెట్, యూనివర్సల్ జాయింటు కలిపి పంపండి. మందపాటి పెద్ద వాషర్లు కొన్ని పెట్రోలు మానిఫోల్డు చెవినీ సైలెన్సర్ మానిఫోల్డు చెవినీ కలిపి నొక్కుతాయి. వాటి బదులు మామూలు పలచటి వాషరు వేస్తే ఒక పక్క వదులై గాలి లాగుతుంది, ఇంజన్ మిస్సవుతుంది. తీసినవి తీసినట్టు అట్ట మీద వరసగా గుచ్చి పెట్టుకోండి.

మొదలుపెట్టే ముందే ఇంజన్ కింద ఒక పాత చీర నాలుగు మూలలా కట్టి ఉయ్యాలలా వేలాడదీయండి. జారిన నట్టు అందులో పడుతుంది. ఇత్తడి నట్టుకు అయస్కాంతం పనికిరాదు, పుల్ల చివర గట్టి గ్రీజు ముద్ద పెట్టి అంటించి లాగాలి. బిగించేటప్పుడూ అదే ఉపాయం: సాకెట్ లోపల కాస్త గ్రీజు రాస్తే నట్టు రాలిపోకుండా స్టడ్డు దాకా వెళ్తుంది.

మానిఫోల్డులు రెండూ కలిపే బయటికి తీయండి. వాటిని ఒకదాన్నుంచి ఒకటి విడదీస్తే మళ్లీ హెడ్డు ముఖం మీద సమంగా కూర్చోబెట్టడం వేరే తలనొప్పి.

ఇప్పుడు కవర్లు ఎదురుగా ఉంటాయి. బోల్టు విప్పి కవరు తీయగానే లోపల గుడ్డ కుక్కండి. పాత కార్క్ గీకేటప్పుడు రాలే పెచ్చులు కింద ఆయిల్ నిలిచే సంపులోకి పోకూడదు. పని అయ్యాక గుడ్డ తీయడం మరవొద్దు. తర్వాత కవరు అంచును అద్దం ముక్క మీద బోర్లించి చూడండి. ఎవరో ఎప్పుడో బోల్టు అతిగా బిగించి ఉంటే మధ్యలో గుంట పడి, రెండు కొనలూ పైకి లేచి ఉంటాయి. లీకుకు చాలా బండ్లలో అసలు కారణం ఇదే. చెక్క దిమ్మె మీద పెట్టి చిన్న సుత్తితో నెమ్మదిగా కొట్టి అంచు చదును చేయండి.

కొత్త కార్క్ ప్యాకింగ్ షాపులో ఏళ్లు నిలవుండి, మన పొడి గాలికి ముడుచుకుపోయి ఉంటుంది. కవరు మీద పెడితే అర అంగుళం తక్కువ పడుతుంది. లాగి సాగదీస్తే విరుగుతుంది. గోరువెచ్చని నీళ్లలో పావుగంట నానబెడితే తన కొలతకు వస్తుంది. తుడిచి, తడి ఆరాక, కవరు వైపు మాత్రమే షెల్లాక్ (లక్క జిగురు) రాసి అంటించి, చదునైన బరువు కింద రాత్రంతా ఉంచండి. ఇంజన్ వైపు పలచగా గ్రీజు చాలు, మరోసారి తీయాల్సి వచ్చినా చిరగకుండా వస్తుంది. సిలికాన్ దట్టంగా పూస్తే లోపలికి పిండుకుపోయిన తీగలు ఆయిల్ దారుల్లో చేరతాయి. బోల్టు కింద సీలు కూడా కొత్తది వేయండి, లేదంటే ప్యాకింగ్ బాగున్నా బోల్టు వెంట కారుతుంది.

బిగింపులోనే ఓపిక కావాలి. వేళ్లతో తిప్పి కార్క్ తగిలాక, చిన్న పానాతో అర చుట్టు, మహా అయితే ముప్పావు. బిగువు కొలిచే టార్క్ పానా ఉంటే 2 ఫుట్ పౌండ్లు. కార్క్ పక్కకు ఉబ్బి బయటికి తొంగి చూస్తోందంటే ఎక్కువైనట్టే.

మానిఫోల్డు ఎక్కించేటప్పుడు ప్యాకింగ్ కొత్తది, పొడిగానే. స్టడ్లకు కాపర్ గ్రీజు. మధ్య నట్ల నుంచి చివరలకు, రెండు మూడు విడతల్లో, 15 ఫుట్ పౌండ్ల దాకా. ఇంజన్ బాగా వేడెక్కి పూర్తిగా చల్లారాక మరోసారి చూడండి, మొదటిసారి పావు చుట్టు దాకా తీసుకుంటాయి.

సెల్ఫ్ మోటార్ పై బోల్టు

ఇంజన్‌ను స్టార్ట్ చేసే ఈ మోటార్ డ్రైవర్ వైపు, డెల్కో కింద ఉంటుంది. అనవసరంగా విప్పే భాగాల్లో దీనిదే మొదటి స్థానం, కాబట్టి ముందు వోల్టు మీటరు పెట్టండి. బ్యాటరీ 12.6 వోల్టులుండి, సెల్ఫ్ కొట్టేటప్పుడు 10 కంటే కిందికి పడకుండా, మోటార్ దగ్గర మాత్రం వోల్టేజీ తక్కువ వస్తుంటే తప్పు కేబుళ్లది, సోలనాయిడుది (మోటార్‌కు కరెంటు కలిపే స్విచ్చుది) లేదా ఇంజన్ నుంచి బాడీకి పోయే ఎర్త్ పట్టీది. టక్‌మని ఆగిపోతుంటే పినియన్ (మోటార్ షాఫ్టు మీది చిన్న పళ్ల చక్రం) ఫ్లైవీల్ పళ్లలో ఇరుక్కుని ఉండొచ్చు. మోటార్‌కు పినియన్ లేని కొనన చిన్న మూత కింద షాఫ్టు నలుపలకగా ఉంటుంది. దానికి పానా వేసి తిప్పితే ఊడొస్తుంది. లేదంటే ఇగ్నిషన్ ఆపి, టాప్ గేరులో వేసి, బండిని ముందుకూ వెనక్కూ ఊపండి.

విప్పక తప్పకపోతే బ్యాటరీ ఎర్త్ తీసి, డెల్కో మూత, వైర్లు పక్కకు జరపండి. డెల్కో క్లాంపు మాత్రం ముట్టుకోవద్దు, టైమింగ్ పోతుంది. పై బోల్టుకు రెండు ఎక్స్‌టెన్షన్లు కలిపి చివర యూనివర్సల్ జాయింటు పెట్టి ముందు నుంచి పంపాలి. జాయింటు చుట్టూ రెండు చుట్లు ఇన్సులేషన్ టేపు చుడితే తల వాల్చకుండా నిలబడుతుంది. ముందు పై బోల్టు వదులు చేయండి, కింది బోల్టు చివర. కింది బోల్టు ముందే తీస్తే బరువంతా పై బోల్టు మీద వేలాడి మర పట్టేస్తుంది. మోటార్ కింద ఒక చెయ్యి ఆనించే ఉంచండి, చాలా బరువుంటుంది. బయటికొచ్చాక పినియన్ ఉండే షాఫ్టును కిరసనాయిలుతో కడిగి ఆరబెట్టి పొడిగానే బిగించండి. గ్రీజు పెడితే క్లచ్ దుమ్ము, మన ఎర్ర దుమ్ము అంటుకుని మళ్లీ ఇరుక్కుంటుంది.

డ్యాష్‌బోర్డు వెనక పని సంగతి కొంతే. ముందు సీటు విప్పి బయట పెట్టండి, నేల మీద వెల్లకిలా పడుకుంటే మెడ, భుజాలు నిలుస్తాయి. ఆంప్ మీటరు తీగలకు ఫ్యూజు ఉండదు, బ్యాటరీ తీయకుండా అక్కడ పానా పెడితే నిప్పురవ్వలు లేస్తాయి. స్పీడో కేబుల్ నట్టు వేళ్లతోనే బిగించాలి, కేబుల్ వంపు ఎక్కడా ఆరంగుళాల వ్యాసార్ధం కంటే బిగువుగా ఉండకూడదు. అంతకంటే మడిస్తే ముల్లు వణుకుతుంది, కొన్నాళ్లకు లోపలి తీగ తెగుతుంది.