వేసవిలో ఇంట్లో రాయలసీమ విందు: వండేవారు తీసుకోవలసిన జాగ్రత్తలు

మే నెల ఎండల్లో ఇరవై మందిని పిలిచి రాగి సంగటి, నాటుకోడి పులుసు, ఊరుబిండి (వేరుశెనగ పచ్చడి), గుత్తివంకాయ, ఓళిగలతో (బొబ్బట్లతో) విందు పెట్టదలచినవారు మొదట వడ్డించే వేళను ఖాయం చేసుకొని, అక్కడి నుంచి వెనక్కి లెక్క వేసుకుంటూ ఏ వంట ఎప్పుడు మొదలుపెట్టాలో నిర్ణయించుకోవాలి. మసాలా పొడులు, వేయించిన చెనిక్కాయలు (వేరుశెనగలు) ముందు రోజే సిద్ధం చేసుకోవచ్చు. ఓళిగల పూర్ణం కూడా చేసుకోవచ్చు గాని, పులిసిపోకుండా ఫ్రిజ్‌లో పెట్టాలి.

అన్నిటికన్నా ఎక్కువ శ్రద్ధ పెట్టవలసింది నాటుకోడి పులుసు మీద. ఫారం కోడి కన్నా ఇది ఉడకడానికి చాలాసేపు పడుతుంది కనుక ముందు రాత్రే పెద్ద గిన్నెలో వండి, పొయ్యి మీదే మూతపెట్టి వదిలేసే అలవాటు చాలా ఇళ్లలో ఉంది. దయచేసి అలా చేయవద్దు. 5 నుంచి 60 డిగ్రీల సెల్సియస్ మధ్య సూక్ష్మజీవులు వేగంగా పెరుగుతాయి. మరిగించినా చావని కొన్నిటి బీజాలు, మెల్లగా చల్లారే చిక్కని పులుసు నడిమధ్యలో మళ్లీ మొలకెత్తుతాయి. ముందు రోజు వండక తప్పకపోతే, పులుసును వెడల్పైన, లోతు తక్కువ గిన్నెల్లోకి పంచి, వంటగది వేడి 32 డిగ్రీలు దాటితే గంటలోపు, లేకుంటే రెండు గంటలలోపు ఫ్రిజ్‌లోకి చేర్చి, మర్నాడు తెర్లేదాకా కాచాలి. పచ్చి మాంసాన్ని కుళాయి కింద కడిగితే తుంపరలు చుట్టూ ఉన్న గిన్నెల మీద, తరిగిన కూరగాయల మీద పడతాయి. ఉప్పూకారం పట్టించిన ముక్కలను మూతపెట్టి ఫ్రిజ్ కింది అరలో ఉంచాలి.

సంగటిని చివరగా, అతిథులు వచ్చాకే కెలకాలి. సంగటిలో కలిసే బియ్యంలోని ఒక రకం సూక్ష్మజీవి గది వేడిలో నిలవున్న అన్నంలో వదిలే విషం తిరిగి వేడిచేసినా పోదు. పైకి ఆరినట్టు కనిపించే ముద్ద లోపల మాత్రం చాలాసేపు కాలుతూనే ఉంటుంది, కాబట్టి పిల్లలకు విడదీసి, ఆరిన తరువాతే పెట్టాలి.

అనంతపురం వేరుశెనగ పండే సీమ కావడంతో ఆ గింజ ఊరుబిండిలోనే కాక గుత్తివంకాయ కూరలోనూ, తాలింపు నూనెలోనూ ఉంటుంది. అందువల్ల పిలిచేటప్పుడే, పల్లీలు పడనివారు ఎవరైనా ఉన్నారా అని ప్రతి ఇంటినీ అడిగి తెలుసుకోవాలి. అటువంటివారు ఒక్కరున్నా, వారి వంట వేరే నూనెతో, శుభ్రమైన గిన్నెల్లో ముందుగా ముగించి, దానికి విడిగా గరిటె పెట్టాలి. కొందరికి పల్లీల పొడి అంటిన గరిటెతో వడ్డించినది తిన్నా ప్రాణం మీదికి వస్తుంది.

కరెంటు పోయినప్పుడు తలుపు తెరవకపోతే ఫ్రిజ్ సుమారు 4 గంటలు చల్లదనాన్ని నిలుపుకుంటుంది. అందుకే తలుపును మాటిమాటికీ తెరవనవసరం లేకుండా మంచినీళ్లు, మజ్జిగ సీసాలను ఐసు పోసిన తొట్టిలో విడిగా ఉంచడం మంచిది.

వెళ్లేవారికి డబ్బాల్లో కట్టి ఇవ్వడం మన మర్యాదే. అయితే ఇవ్వదలచిన పులుసును వడ్డనకు ముందే వేరుగా తీసి, చల్లార్చి, ఫ్రిజ్‌లో పెట్టి ఉంచాలి. గంటల తరబడి బల్ల మీద ఉన్నదాన్ని మాత్రం ఎవరికీ కట్టి ఇవ్వకూడదు.