ముదిరిన క్యాన్సర్: ముందుముందు వైద్యంపై రోగి కోరికలు అడిగే ముందు జాగ్రత్తలు

• ఐసీయూలో చేరాక అడుగుదామనుకోవద్దు. అప్పటికి చాలామంది మాట్లాడలేరు. కీమో పనిచేయక మందు మార్చేటప్పుడు, పగలు సగానికి పైగా మంచంలోనే గడుస్తున్నప్పుడు అడగాలి. క్యాన్సర్ మెదడుకు పాకితే ఇంకా ముందే, మాట, మతి తడబడకముందే.

• ముందు నొప్పి, వాంతులు, ఆయాసం తగ్గించండి. మార్ఫిన్ (బలమైన నొప్పి మందు) మోతాదు పెంచిన కొత్తలో మగతగా ఉంటారు, ఆగండి. స్కాన్‌లో చెడు కబురు తెలిసిన రోజున వద్దు.

• "ఆయనకు చెప్పొద్దండీ" అని ఇంటివాళ్లు బతిమాలతారు. వాళ్ల భయం అర్థం చేసుకోదగ్గదే. అయినా ఎంతవరకు తెలుసుకోవాలనుందో, తన తరఫున ఎవరు నిర్ణయించాలో రోగినే అడగాలి.

• వెంటిలేటర్ పెట్టాలా వద్దా, చివరి రోజులు ఇంట్లోనా ఆసుపత్రిలోనా అన్నదానిపై రోగి చెప్పింది అదేరోజు కేస్‌షీట్‌లో రాయండి. ఈ కోరికలను చట్టబద్ధ పత్రంగా (లివింగ్ విల్) రాయించాలంటే 2023 సుప్రీంకోర్టు సవరణ ప్రకారం ఇద్దరు సాక్షులు, నోటరీ లేదా గెజిటెడ్ అధికారి ధ్రువీకరణ కావాలి.