ఖ్మేర్ కోడి కొబ్బరిపాల కూర: ఎక్కడ చెడుతుంది, ఎలా నిలబెట్టాలి

కంబోడియా ఇళ్లలో పెళ్లికీ పండక్కీ పెద్ద గిన్నెతో పొయ్యెక్కే కూర సమ్లా కారీ. ప్చుమ్ బెన్ రోజుల్లోనూ వండుతారు. అది వాళ్ల పితృపక్షం, ఆ 'బెన్' మన 'పిండం' అన్న మాటే. మసాలా వాసనలు మనకు దగ్గరివిగానే అనిపిస్తాయి కాబట్టి కోడికూర వండే చేతివాటంతోనే దీన్నీ వండేస్తాం. నా మొదటి రెండు మూడు ప్రయత్నాలు అలాగే పాడయ్యాయి. ఈ కూర రుచంతా రెండు చోట్ల తేలిపోతుంది: ముద్ద నూరేటప్పుడు, ఆ ముద్దను కొబ్బరిపాల మీగడలో వేయించేటప్పుడు. చాలా తప్పులకు మూలం అక్కడే దొరుకుతుంది.

కిలో కోడికి నా కొలత ఇది. నిమ్మగడ్డి 4 లావు కాడలు, పెద్ద దుంపరాష్ట్రం (అల్లం జాతి దుంప, గలంగల్) 2 అంగుళాలు, పచ్చి పసుపు కొమ్ము 1 అంగుళం, వెల్లుల్లి 6 రెబ్బలు, చిన్న ఉల్లిపాయలు 6, మక్రుట్ నిమ్మ (కాఫిర్ లైమ్) ఆకులు 4, కారం తక్కువున్న ఎండుమిర్చి 10, రొయ్యల ముద్ద ఒక చెంచా. ఇవన్నీ కలిపి నూరిన ముద్దనే అక్కడ క్రూంగ్ అంటారు. చిక్కటి కొబ్బరిపాలు 400 మి.లీ., పలుచటివి అర లీటరు. చేప సాస్, తాటిబెల్లం, చిలగడదుంప, అలసంద కాయలు, వంకాయ.

పాలు విరిగి తెల్లటి పలుకులు తేలుతున్నాయి

ముందు ఒకటి తేల్చుకోండి. పైన ఎర్రటి నూనె తేలుతుంటే అది తప్పు కాదు, కూర కుదిరిందనడానికి గుర్తు. పెరుగు విరిగినట్టు తెల్లటి రవ్వ కనిపిస్తేనే సమస్య.

కొబ్బరిపాలలో నూనె బిందువుల చుట్టూ మాంసకృత్తుల పొర ఉంటుంది. వేడి 80 డిగ్రీలు దాటాక ఆ మాంసకృత్తులు గడ్డకట్టడం మొదలవుతుంది. పెద్ద మంట మీద కుతకుతా ఉడికిస్తే పొర చెదిరి నూనె ఒకవైపు, రవ్వ ఒకవైపు అయిపోతాయి. మూత పెట్టి వదిలేయడం, నిమ్మరసమో చింతపండో కలపడం రెండూ దాన్ని ఇంకా తొందరపెడతాయి. ఈ కూరకు పులుపుతో పనే లేదు.

మరి వేయించేటప్పుడు మీగడను కావాలనే విరగనిస్తాం కదా అంటారా? అవును, మొదటి కప్పు మాత్రమే. చిక్కటి పాలను మధ్యస్థ మంట మీద కలుపుతూ మరిగిస్తే నీరు ఆవిరై అంచుల్లో నూనె వదులుతుంది. ముద్ద ఆ నూనెలో వేగాలి. మిగతా చిక్కటి పాలు దించడానికి ఐదు నిమిషాల ముందు, సన్న మంట మీద, మూత లేకుండా కలపాలి.

ఇప్పటికే విరిగితే ముక్కలు పక్కకు తీసి, పులుసు కాస్త ఆరనిచ్చి, రెండు గరిటెల చిక్కటి పాలతో కలిపి మిక్సీలో ఒక తిప్పు తిప్పండి. మళ్లీ గిన్నెలో పోసి వేడి చేస్తే చాలు, మరగనివ్వద్దు. మిక్సీ వద్దనుకుంటే చెంచా బియ్యప్పిండి నీళ్లలో కలిపి పోసినా పులుసు కుదుటపడుతుంది, కానీ రుచి కొంచెం మొద్దుబారుతుంది. నేను మొదటి దారే ఎంచుకుంటాను.

మీగడ ఎంత మరిగినా నూనె వదలట్లేదు

మీ వంటలో తప్పేం లేదు. డబ్బా పాలు, ప్యాకెట్ పాలు చాలావాటిలో విరగకుండా జిగురు పదార్థాలు కలుపుతారు. రెండు చెంచాల నూనె పోసి అందులోనే ముద్ద వేయించండి. ఇంట్లో తీసుకునేవాళ్లు ముదురు కాయ కొట్టి, గోరువెచ్చటి నీళ్లు కొద్దిగానే పోసి మొదటి పాలు పిండుకోవాలి. లేత కాయలో నూనె చాలదు.

పంటికి పీచు తగులుతోంది, పచ్చివాసన పోలేదు

నిమ్మగడ్డిని పైదాకా వేసేసి ఉంటారు. కింది నాలుగు అంగుళాల తెల్లటి భాగమే పనికొస్తుంది. దాన్ని కూడా అడ్డంగా, కాగితమంత పలుచటి చక్రాల్లా కోయాలి. నిలువుగా చీలిస్తే పీచు అలాగే మిగులుతుంది. మన పెరళ్లలో టీ కోసం పెంచే నిమ్మగడ్డికి చాలాసార్లు కాడ లావెక్కదు. అలాంటప్పుడు పది పన్నెండు కాడల మొదళ్లు నూరి, ఆకులను ముడి వేసి పులుసులో పడేసి చివర్లో తీసేయండి. వాసన ఎక్కడికీ పోదు.

రోట్లో దంచేవాళ్లు గట్టివాటితో మొదలుపెట్టాలి: నిమ్మగడ్డి, దుంపరాష్ట్రం ముందు, ఉల్లి వెల్లుల్లి ఆఖర్న. నీరున్నవి ముందే వేస్తే గట్టివి జారిపోతాయి తప్ప నలగవు. మిక్సీ అయితే నీళ్లకు బదులు రెండు చెంచాల కొబ్బరిపాలు పోయండి. నీళ్లు పోసిన ముద్ద వేగదు, ఉడుకుతుంది. పచ్చివాసన పోకపోవడానికి అసలు కారణం అదే. ఎనిమిది పది నిమిషాలు ఓపిగ్గా వేయించి, ముద్ద ముదురు ఎరుపు తిరిగి నూనె వదిలాకే కోడి వేయాలి.

కూరంతా అయ్యాక పీచు తగిలితే పులుసు వడకట్టడమొక్కటే మార్గం.

ఎర్రగా రాలేదు, కారం మాత్రం మండిపోతోంది

గుంటూరు మిర్చి వేశారు. ఈ కూరకు మిర్చి రంగు కోసం, వాసన కోసం. ఖ్మేర్ వంట పొరుగున ఉన్న థాయి వంటంత ఘాటుగా ఉండదు. కావలసినవాళ్లు పక్కన పచ్చిమిర్చి కొరుక్కుంటారు. బ్యాడగి గానీ కశ్మీరీ గానీ తీసుకుని, గింజలు దులిపి, వేడినీళ్లలో 20 నిమిషాలు నానబెట్టి నూరండి. పొడి కారం వద్దు, మీగడలో ఇట్టే మాడి రంగు గోధుమకు తిరుగుతుంది. కారం ఎక్కువైపోయిన కూరకు ఇంకొన్ని చిక్కటి పాలు, రెండు చిలగడదుంప ముక్కలు పడితే సర్దుకుంటుంది.

బాగానే ఉంది గానీ మన కోడికూరలాగే ఉంది

ఇది నాకు అన్నిటికన్నా బాధ కలిగించే లోపం, ఎందుకంటే తినేవాళ్లు మెచ్చుకుంటారు, వండినవాళ్లకే తెలుస్తుంది. దుంపరాష్ట్రానికి బదులు అల్లం పడింది, గరం మసాలా చేయిజారింది, అలవాటుగా కరివేపాకు తాలింపు కూడా. అల్లం ఘాటు వేరు, దుంపరాష్ట్రానికుండే కర్పూరం లాంటి చల్లటి వాసన వేరు. పచ్చిది దొరక్కపోతే మూలికలు అమ్మే కొట్లో ఎండుది అడగండి. వేడినీళ్లలో బాగా నానబెట్టి, పచ్చిదానిలో మూడో వంతే వాడండి. మక్రుట్ ఆకు దొరక్కపోతే మజ్జిగలో నలిపి వేసుకునే దబ్బాకు కొంత దగ్గరగా వస్తుంది. మసాలా దినుసుల్లో ఒక అనాసపువ్వు చాలు.

చేప వాసన కొడుతోంది

రొయ్యల ముద్దను పచ్చిగా వేశారు. అరిటాకు ముక్కలో చుట్టి పెనం మీద రెండు వైపులా కాల్చి, ఆ తర్వాత నూరండి, వాసన కమ్మగా మారుతుంది. చేప సాస్ దించాక పోసినా ఇదే ఇబ్బంది. ముక్కలతోపాటు ఉడకనివ్వాలి. దానిలోనే ఉప్పు బాగా ఉంటుంది కనుక వేరే ఉప్పు చివరిదాకా ముట్టుకోవద్దు.

పులుసులా పలచగా ఉంది

అలాగే ఉండాలి. సమ్లా అంటేనే పులుసు లాంటి వంటకం. కంబోడియాలో దీన్ని రొట్టె ముంచుకుని తింటారు, లేదా నోమ్ బంచోక్ అనే సన్నటి బియ్యపు సేమ్యా మీద పోసుకుంటారు. 1863 నుంచి 1953 దాకా సాగిన ఫ్రెంచ్ పాలన నుంచి వచ్చిందే ఆ పొడవాటి రొట్టె. దాని పేరు నోమ్ పాంగ్‌లోని 'పాంగ్' కూడా ఫ్రెంచ్ మాటే. అన్నంలోకి కావాలంటే మూత తీసి ఇంకో పది నిమిషాలు సన్న మంట మీద ఉంచండి.

ముక్క గట్టిపడింది, దుంప కరిగిపోయింది

ఎముక లేని రొమ్ము ముక్కలు ఇంత సేపు ఉడకడానికి తట్టుకోవు. ఎముకతో ఉన్న తొడలు, కాళ్లు తీసుకోండి. నాటుకోడి అయితే ముందు నీళ్లలో ముప్పావు వంతు ఉడికించి, ఆ నీళ్లనే పలుచటి పాలకు బదులు వాడండి. చిలగడదుంప అంగుళంన్నర ముక్కలుగా చివరి 15 నిమిషాల్లో, వంకాయ 10 నిమిషాలుండగా, అలసంద కాయలు ఇంకాస్త తర్వాత.

తీపి వెగటుగా ఉంది

పంచదార వాడి ఉంటారు, లేదా దుంప తీపి లెక్కలోకి తీసుకోలేదు. అక్కడ వాడేది తాటిబెల్లం. కంబోడియా తాటిచెట్టు మన తాటిచెట్టే. 2005లో దాన్ని జాతీయ వృక్షంగా ప్రకటించుకున్నారు, కంపోంగ్ స్పూ తాటిబెల్లానికి 2010లో భౌగోళిక గుర్తింపు ఇచ్చుకున్నారు. మన దగ్గర దొరికే తాటిబెల్లం నేరుగా సరిపోతుంది. దుంప ఉడికాక రుచి చూసి, అర చెంచాతో మొదలుపెట్టండి.

మర్నాడు ఫ్రిజ్‌లో గడ్డకట్టింది

కొబ్బరి నూనె చలికి పేరుకుంది, అంతే. ఈ కూర మర్నాడే ఇంకా రుచి. అర గ్లాసు వేడినీళ్లు పోసి, సన్న సెగ మీద నెమ్మదిగా కలుపుతూ వేడిచేయండి. పొగలు రాగానే దించేయండి, బుడగలు వచ్చేదాకా ఆగితే మళ్లీ విరుగుతుంది.