రంగు ఊడే చెక్క పడవ, ఒరిగించే తెరచాప కొయ్య: సమస్య - పరిష్కారం

ప్లైవుడ్, ఎపాక్సీతో (హార్డెనర్ అనే రెండో ద్రవం కలిపితే గట్టిపడే జిగురు) ఇంట్లోనే చిన్న తెరచాప పడవ కట్టుకున్నవారు "మంచి రంగే కొన్నాను, అయినా ఊడిపోయింది" అని అడిగినప్పుడల్లా నాది ఒకటే ప్రశ్న. ఊడిన పెచ్చును వెనక్కి తిప్పి చూశారా? చూసినవారు చాలా తక్కువ. ఇంకా ఖరీదైన డబ్బా తెచ్చి అదే లోపం మీద మళ్లీ పూసేవారే ఎక్కువ. దయచేసి డబ్బు ఖర్చు పెట్టే ముందు ఆ పెచ్చు చూడండి.

పెచ్చు వెనక చెక్క పీచు అంటుకుని వచ్చిందంటే చెక్కలోకి నీరు చేరింది. వెనక వైపు గాజులా నున్నగా మెరుస్తుంటే రంగు ఎపాక్సీని అసలు పట్టుకోనే లేదు. రంగుకూ రంగుకూ మధ్య విడిపోతే మొదటి పూతను ఉప్పు కాగితంతో రుద్దకుండా రెండోది వేశారని అర్థం. ఈ మూడోదానికి చెప్పడానికేమీ లేదు, రుద్ది మళ్లీ వేయండి.

రంగు రోజుల తరబడి జిగటగా ఉంది, లేదా పొరలు పొరలుగా లేస్తోంది

నేను గీకిన పడవల్లో ఎక్కువ వాటికి కారణం పైన చెప్పిన రెండోదే, రంగు ఎపాక్సీని పట్టుకోకపోవడం. అందరూ రంగునే తప్పుపడతారు, తప్పు మాత్రం దాని కింద ఉంటుంది. ఎపాక్సీ హార్డెనర్‌లోని అమైన్లు అనే రసాయనాలు గాలిలోని తేమతో, కార్బన్ డయాక్సైడ్‌తో కలిసి, గట్టిపడుతున్న పూత పైన మైనం లాంటి పలుచని పొర కడతాయి. అన్ని హార్డెనర్లూ ఒకే స్థాయిలో ఇలా చేయవు. అయితే గాలిలో తేమ ఎక్కువగా ఉంటే దాదాపు అన్నిటితోనూ ఈ ప్రమాదం పెరుగుతుంది. కాకినాడ, విశాఖపట్నం వంటి తీరప్రాంతాల్లో, వానాకాలంలో, సాయంత్రం పూసి రాత్రంతా ఆరనివ్వడం ఈ పొరను పిలిచి కూర్చోబెట్టడమే.

చాలాసార్లు ఇది కంటికి కనిపించదు. అంతకన్నా పెద్ద చిక్కు ఏమిటంటే, మనం శ్రద్ధగా చేసే పనే దీన్ని ఇంకా పాడుచేస్తుంది. పూత గట్టిపడగానే ఉప్పు కాగితం తీసుకుని రుద్దుతాం. ఆ రాపిడికి మైనం పోదు, కొత్తగా పడిన గీతల్లోకి దిగుతుంది. కాగితం త్వరగా పూడుకుపోయి జారుతోందంటే అదే గుర్తు. తర్వాత థిన్నర్ గుడ్డతో తుడుస్తాం. థిన్నర్ ఈ పొరను సరిగా కరిగించదు, ఉన్నచోటి నుంచి పక్కకు పరుస్తుంది. చూడటానికి మాత్రం అంతా శుభ్రంగానే కనిపిస్తుంది. దాని మీద పాలియురెథేన్ రంగు పూస్తే రంగు అక్కడక్కడా గుండ్రటి గుంటలుగా విడిపోతుంది, లేదా కొన్నాళ్లకు పొరగా లేస్తుంది. సింథటిక్ ఎనామెల్ (తలుపులు, కిటికీలకు వేసే మామూలు నూనె రంగు) పరిస్థితి ఇంకా అన్యాయం. దాన్ని ఆరబెట్టే పదార్థాల పనికి అమైన్లు అడ్డుపడతాయి కాబట్టి ఎన్నాళ్లకూ వేలికి అంటుతూనే ఉంటుంది.

దీన్ని కరిగించేది మంచినీరు. అంతే, ఇంకే రసాయనమూ అక్కర్లేదు.

రంగు వేయక ముందు పరీక్ష చాలా సులువు. ఎపాక్సీ మీద కాస్త నీరు చల్లి వేలితో రుద్దండి. సబ్బు రాసినట్టు జారితే పొర ఉంది. గిన్నెలు తోమే ప్లాస్టిక్ పీచు, బకెట్ నీళ్లు తీసుకుని మూరెడు మేర చొప్పున తోమండి. ఆ నీరు అక్కడే ఆరిపోకముందే శుభ్రమైన గుడ్డతో తుడిచేయాలి, ఆరితే కరిగినది మళ్లీ అక్కడే పేరుకుంటుంది. గుడ్డలు, నీళ్లు తరచూ మార్చండి. పోసిన నీరు బొట్లుగా విడిపోకుండా పరుచుకుని నిలిచేదాకా చేయండి. ఆ తర్వాతే ఉప్పు కాగితం. మెరుపు ఎక్కడా మిగలకుండా మసకబారేలా రుద్దండి. ముందు నీళ్లు, తర్వాత రుద్దడం: ఈ వరుసను మాత్రం తిరగేయకండి.

ఇప్పటికే పూసేసి ఇరుక్కుంటే పైన ఇంకో పూత వేసి కప్పాలని చూడకండి. జిగట రంగును పూర్తిగా గీకి, థిన్నర్‌తో మిగిలినది తీసి, నీళ్లతో తోమి, ఆరాక రుద్దండి. ఎపాక్సీని వారం పాటు గట్టిపడనిచ్చి, ఎపాక్సీ ప్రైమర్ (రంగుకు పట్టునిచ్చే తొలి పూత) వేసి, ఆ తర్వాతే మీ రంగు. మొత్తం పడవకు పూయక ముందు జానెడు చోట వేసి రెండు రోజులు చూడండి.

బొబ్బలు వచ్చాయి, గుచ్చితే నీరు కారింది

నీరు రంగును దాటి రాలేదు, ప్లైవుడ్ కోత అంచుల నుంచో స్క్రూ రంధ్రాల నుంచో దూరింది. కోత అంచు నీటిని ఎంతగా పీల్చుకుంటుందో చాలామంది నమ్మరు. ఐ.ఎస్. 710 (భారతీయ ప్రమాణం) గుర్తున్న మెరైన్ ప్లైవుడ్ జిగురు నీటికి విడిపోదు, కానీ లోపలి చెక్క నీరు పీల్చకుండా అదేమీ ఆపదు. బొబ్బలు గీకి, పడవను నీడలో గాలి ఆడేలా బోర్లించి బాగా ఆరనివ్వండి. చెక్కలో తేమ 15 శాతం లోపుకు రావాలి. అంచులకు మూడు పూతల ఎపాక్సీ తాగించండి. స్క్రూ రంధ్రాన్ని పెద్దది చేసి, చిక్కని ఎపాక్సీతో నింపి, గట్టిపడ్డాక దాని మధ్యలో మళ్లీ రంధ్రం వేయండి.

హుస్సేన్ సాగర్ లాంటి మంచినీటి చెరువులో నడిపేవారు ఇంకాస్త జాగ్రత్త పడాలి. ఉప్పునీటికన్నా నిలిచిన వాననీరే చెక్కను త్వరగా కుళ్లబెడుతుంది.

రంగు ఎంపిక సంగతి: వాడాక ఒడ్డుకు లాగి పెట్టే పడవకు మంచి ఎనామెల్ చాలు. రోజుల తరబడి నీటిలోనే ఉండే పడవ అడుగుకు అది పనికిరాదు. రెండు భాగాలుగా వచ్చి, కలిపి పూసే పాలియురెథేన్ గట్టిగా నిలుస్తుంది. అయితే అందులో ఊపిరికి హాని చేసే ఐసోసైనేట్లు ఉంటాయి, ఇంట్లో స్ప్రే చేయకండి, ఆరుబయట బ్రష్షుతో వేయండి. పారదర్శకంగా ఉంచాలంటే ఎపాక్సీని అలాగే వదలకండి, ఎండకు అది పాడవుతుంది. పైన అతినీలలోహిత కిరణాలను ఆపే వార్నిష్ తప్పనిసరి. ముదురు నీలం, నలుపు ఎంత అందంగా ఉన్నా మన ఎండల్లో వద్దు. ఆ రంగు పడవ ఉపరితలం 60 డిగ్రీలు సులువుగా దాటుతుంది, గది వేడిలో గట్టిపడిన ఎపాక్సీ చాలావరకు ఆ దరిదాపుల్లోనే మెత్తబడటం మొదలుపెడుతుంది. తెలుపు, లేత పసుపు వేసుకోండి.

కాస్త గాలికే పడవ బాగా ఒరుగుతోంది

తెరచాపను అనేముందు దాన్ని నిలబెట్టే కొయ్యను తూచండి. టేకు గట్టిదని టేకుతో, ఇంకా గట్టిదని మద్దితో చేయించుకుంటారు. పైన ఉండే ప్రతి కిలో పడవను పక్కకు లాగుతుంది. కొయ్యకు కావలసింది తేలికగా, నార నిటారుగా, ముడులు లేకుండా ఉండే కర్ర: స్ప్రూస్, డగ్లస్ ఫర్, దొరికితే మంచి దేవదారు. స్ప్రూస్ బరువు టేకులో మూడింట రెండు వంతులే. ఇంకా తగ్గించాలంటే లోపల బోలుగా చేయండి. గోడ మందం వ్యాసంలో అయిదో వంతు ఉంచితే బరువు మూడో వంతుకు పైగా తగ్గుతుంది, వంగకుండా నిలిచే శక్తి మాత్రం ఎనిమిదో వంతే పోతుంది.

తీరంలో దొరికే సరుగుడు బలమైనదే, కానీ బరువు, పచ్చిగా వాడితే వంకర తిరుగుతుంది. వెదురు తెరచాపను చాచి పట్టే అడ్డకర్రకు చాలా మంచిది. దానికి రంధ్రాలు వేయకండి, చీలుతుంది. తాడుతో కట్టండి.

కొయ్య విరిగింది, లేదా అడుగు భాగంలో నల్లబడింది

విరిగిన చోట నార ఏటవాలుగా పక్కకు పోయి ఉంటే అది కర్ర ఎంపికలో లోపం, అతికించి లాభం లేదు. నార బాగుంటే అతకవచ్చు, కానీ అతికే చోట రెండు ముక్కలనూ ఏటవాలుగా కోయాలి, ఆ ఏటవాలు కర్ర మందానికి 12 రెట్ల పొడవుండాలి. ప్లైవుడ్‌కు సరిపోయే 8 రెట్లు ఇక్కడ చాలవు. అడుగు భాగంలో నలుపు కనిపిస్తే కొయ్య కూర్చునే గూట్లో నీరు నిలుస్తోంది. గూటి అడుగున నీరు పోయే రంధ్రం చేయండి, కొయ్య అడుగు కోతను ఎపాక్సీతో మూయండి. తలుపులకు వేసే వార్నిష్ ఎండకు బీటలు వారుతుంది, కొయ్యతో పాటు సాగే పడవ వార్నిష్ ఆరు పూతలైనా వేయండి.

అల్యూమినియం గొట్టం వాడినవారికి స్టీల్ స్క్రూల చుట్టూ తెల్లటి పొడి కనిపిస్తే మధ్యలో ప్లాస్టిక్ వాషర్ పెట్టండి. చెదలు, డబ్బాలోనే పాడైన రంగు, నకిలీ హార్డెనర్ వంటివి చాలా అరుదు. పైవన్నీ చూశాకే వాటి గురించి ఆలోచించండి.