ట్రక్కు స్లీపర్ క్యాబిన్‌కు పక్క కిటికీ బిగించడం ఎలా?

స్లీపర్ క్యాబిన్‌కు కిటికీ పెట్టాలంటే చాలామంది రేకు కోయడానికే జంకుతారు. నిజానికి కోత గంటలో అయిపోయే పని. అసలు పోరాటం నీళ్లతో. మొదటి వానకు చుక్క కూడా కారకపోవచ్చు. బండి నెలల తరబడి అదిరాక మాత్రం కింది మూలల్లోంచి చెమ్మ దిగుతుంది. అది లోపలి ప్యానెల్ వెనక, బెర్త్ పరుపు కింద చేరి, కంటికి కనబడకుండా రేకును తినేస్తుంది. అందుకే కొలతలకూ, అంచులకూ, నీళ్లు ఆపే సీలింగ్‌కూ ఎంత సమయం పట్టినా పెట్టండి.

ఏ కిటికీ కొనాలి?

సొంతంగా బిగించుకునేవారికి క్లాంప్ రింగ్ రకం మేలు. బయటి ఫ్రేమ్ రేకు మీద కూర్చుంటుంది, లోపలి నుంచి ఒక రింగ్ వచ్చి స్క్రూలతో దాన్ని పట్టి లాగుతుంది. అద్దాన్ని నేరుగా రేకుకు అంటించే రకం చూడ్డానికి బాగుంటుంది కానీ, దానికి ప్రైమర్లు, జిగురు విషయంలో చెయ్యి తిరిగినవాళ్లు కావాలి.

కొనేముందు గోడ మందం కొలవండి. బయటి రేకు నుంచి లోపలి ప్యానెల్ ముఖం దాకా ఎంత ఉందో అదే లెక్క. ఈ కిటికీలు ఎక్కువగా 25 నుంచి 38 మి.మీ. గోడలకు సరిపోతాయి. ఏ మందానికి ఏ రింగ్ అన్నది తయారీదారు వివరాల్లో ఉంటుంది. అద్దం మీద టెంపర్డ్ సేఫ్టీ గ్లాస్ ముద్ర ఉండాలి. జరిగే అద్దమైతే వెనక భాగం తెరుచుకునేది తీసుకోండి. ముందు భాగం తెరుచుకుంటే ఎదురుగాలికి వాన, దుమ్ము నేరుగా లోపలికి వస్తాయి. క్యాబిన్‌లో ఇలాంటి మార్పుకు మీ దగ్గర రవాణా శాఖ అనుమతి అవసరమేమో కూడా ముందే కనుక్కోండి.

చోటు ఎంచుకోవడం

మీ మోడల్‌లోనే కంపెనీ కిటికీతో వచ్చే రకం ఉంటే వెతికి చూడండి. ఆ కిటికీ ఎక్కడుందో మీరూ అక్కడే పెట్టడం అన్నిటికన్నా సురక్షితం. చాలాసార్లు అక్కడ రిబ్బులు (రేకుకు వెనక బలాన్నిచ్చే పట్టీలు) ముందే ఎడంగా ఉంటాయి.

అలాంటిది లేకపోతే బ్యాటరీ నెగటివ్ తీసేసి, పరుపు ఎత్తి, లోపలి ప్యానెల్ విప్పండి. క్లిప్పులు విరగకుండా ప్లాస్టిక్ పట్టీతో లేపాలి. లోపల ఏముందో మొత్తం చూడండి: నిలువు రిబ్బులు, లైట్ల, స్పీకర్ల వైర్లు, ఏసీ గొట్టాలు, బెర్త్ బెల్టు బిగించే పాయింట్లు. కొన్ని క్యాబిన్లలో పక్క ఎయిర్‌బ్యాగ్ కూడా ఉంటుంది. అది ఉన్న గోడ జోలికి సొంతంగా వెళ్లొద్దు.

రిబ్బును కోయాల్సి వస్తే తెగిన రెండు కొసలనూ చుట్టూ ఒక ఫ్రేమ్‌తో కలపాలి. దానికన్నా రెండు రిబ్బుల మధ్య పట్టే చిన్న కిటికీ చాలా నయం. బయటి వైపు సైడ్ మిర్రర్ స్టాండు, ఎగ్జాస్ట్ గొట్టం, గాలి మళ్లించే ఫెయిరింగ్, సామాను పెట్టె తలుపు అడ్డు రాకుండా చూసుకోండి. తర్వాత ఫ్రేమ్ కూర్చునే చోట పొడవాటి స్కేలు నిలువుగా, అడ్డంగా ఆనించండి. స్కేలు కింద 2 మి.మీ. కన్నా ఎక్కువ వెలుతురు కనిపిస్తే ఆ వంపు మీద ఫ్రేమ్ సరిగా కూర్చోదు, చోటు మార్చండి. రివెట్ల వరస ఫ్రేమ్ అంచు కిందికి రాకుండా జరుపుకోండి. రివెట్ తలకాయ పక్కనున్న సందే నీళ్లకు దారి.

కావలసినవి

జిగ్‌సా (చేత్తో పట్టుకునే కరెంటు రంపం), సన్నటి పళ్ల లోహపు బ్లేడ్లు (పల్చటి ఉక్కు రేకుకు అంగుళానికి 24 పళ్లు, అల్యూమినియంకు 14–18), ఫైబర్‌గ్లాస్ క్యాబిన్ అయితే కార్బైడ్ పొడి అతికిన బ్లేడు, 3 మి.మీ. డ్రిల్ బిట్, గుండ్రటి రంధ్రం కోసే హోల్‌సా, ఆకురాయి, 50 మి.మీ. మాస్కింగ్ టేపు, ప్రైమర్, సీలింగ్‌కు 3 మి.మీ. మందం, 20–25 మి.మీ. వెడల్పున్న బ్యూటైల్ టేపు (మెత్తటి రబ్బరు బంక పట్టీ), పాలీయురెథేన్ జిగురు. 600 × 400 మి.మీ. కిటికీకి బ్యూటైల్ టేపు 2 మీటర్లకు పైగా పడుతుంది, 3 మీటర్లు తెచ్చుకుంటే నిశ్చింత. కళ్లద్దాలు, చేతి తొడుగులు తప్పనిసరి. ఫైబర్‌గ్లాస్ కోస్తే దుమ్ము ఆపే మాస్కు కూడా పెట్టుకోవాలి.

కోత

ఫ్రేమ్ లోపలికి దిగే భాగానికి చుట్టూ 2–3 మి.మీ. వదులు కలిపి అట్ట మీద నమూనా కోయండి. మూలల గుండ్రం ఫ్రేమ్ గుండ్రానికి సరిపోవాలి. మూల చతురస్రంగా కోస్తే రేకు అక్కడి నుంచే పగులుతుంది.

అట్టను లోపలి వైపు పెట్టి, రిబ్బులకు తగలట్లేదని చూసుకుని, నాలుగు మూలల గుండ్రాల కేంద్రాల్లో 3 మి.మీ. రంధ్రాలు లోపలి నుంచి బయటికి వేయండి. ఇప్పుడు బయట గీత వచ్చే చోటంతా మాస్కింగ్ టేపు రెండు పొరలు వేసి, ఆ రంధ్రాల ఆధారంగా నమూనా గీయండి. గీత నేలకు కాదు, క్యాబిన్ కింది అంచుకు సమాంతరంగా ఉండాలి. బండి నిలిచిన నేల వాలుగా ఉండొచ్చు. లోపల గీత చుట్టూ 30 మి.మీ. మేర ఇన్సులేషన్ తీసేయండి, లేకపోతే బ్లేడుకు చుట్టుకుంటుంది.

మూలలు హోల్‌సాతో తీసి, వాటిని కలుపుతూ జిగ్‌సా నడపండి. మిషన్ అడుగు పెయింట్‌ను గీకకుండా దానికీ టేపు వేయండి. అల్యూమినియం అయితే బ్లేడుకు మైనం రాస్తే పళ్లలో లోహం ఇరుక్కోదు. కోసిన ప్రతి వైపూ వెంటనే అడ్డంగా టేపు ముక్కలు అంటిస్తూ పోండి. చివరి వైపు తెగేటప్పుడు ఒకరు ముక్కను పట్టుకోవాలి. బరువుకు అది వేలాడితే ఆఖరి అంగుళం కోత బదులు చిరుగుతుంది.

అంచులు, లోపలి సందు

పదును అంచులను ఆకురాయితో నున్నగా చేయండి. వేలితో తడిమితే ఎక్కడా గుచ్చుకోకూడదు. రజను మొత్తం వాక్యూమ్‌తో తీయండి. పెయింట్ మీద మిగిలిన ఇనుప రజను తడి తగిలితే తుప్పు మచ్చలు పెడుతుంది. పెయింట్ లేని అంచుకు ప్రైమర్ రెండు పూతలు వేయాలి. అల్యూమినియంకైతే లోహాన్ని కొద్దిగా కొరికి పట్టుకునే ఎచ్ ప్రైమర్ వాడండి. డబ్బా మీద రాసినంత సేపు ఆరనివ్వండి, తొందరపడొద్దు.

బయటి రేకుకూ లోపలి ప్యానెల్‌కూ మధ్య ఉన్న ఖాళీని నింపడం చాలామంది వదిలేస్తారు. ఖాళీగా ఉంటే స్క్రూలు బిగించినకొద్దీ ప్యానెల్ లోపలికి కుంగుతుంది, బ్యూటైల్ మీద మాత్రం ఒత్తిడి పడదు. ఆ సందు మందానికి సరిపోయే అల్యూమినియం చదరపు గొట్టం గానీ గట్టి ప్లాస్టిక్ పట్టీలు గానీ రంధ్రం చుట్టూ పాలీయురెథేన్ జిగురుతో అంటించండి. చెక్క తేమ పీలుస్తుంది, వద్దు. జిగురు గట్టిపడ్డాక లోపలి ప్యానెల్ తిరిగి పెట్టి, బయటి రంధ్రమే ఆధారంగా దాన్నీ కోయండి.

బిగించడం

ముందు బ్యూటైల్ టేపు లేకుండా ఫ్రేమ్ పెట్టి చూడండి. బలవంతంగా దూర్చాల్సి వస్తే ఆకురాయితో సవరించండి. తర్వాత మాస్కింగ్ టేపు పీకి, రేకునూ ఫ్రేమ్ అంచునూ ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవండి.

బ్యూటైల్ టేపును సాగదీయకుండా ఫ్రేమ్ అంచు మీద పరచండి. అతుకు కింది వైపు మధ్యలో రావాలి, మూలలో ఎప్పుడూ రాకూడదు. రెండు కొసలనూ ఏటవాలుగా కోసి కలిపి వేలితో నొక్కండి. చలిలో బ్యూటైల్ బిగుసుకుని అంటదు, కాబట్టి 15 డిగ్రీలకు పైన ఉన్నప్పుడే ఈ పని పెట్టుకోండి.

ఫ్రేమ్ కింది అంచున నీరు పోయే చిన్న రంధ్రాలుంటాయి. అవి కిందికే ఉన్నాయని చూసి ఫ్రేమ్ పెట్టండి. బయట ఒకరు నొక్కి పట్టుకుంటే, లోపల ఒకరు రింగ్ పెట్టి స్క్రూలు ఎదురెదురుగా కొంచెం కొంచెం బిగించాలి. మొత్తం మూడు నాలుగు చుట్లలో పని పూర్తవుతుంది. పవర్ డ్రైవర్ వద్దు, చేతితోనే బిగించండి. ఫ్రేమ్‌లో స్క్రూలు దిగే మరలు మెత్తటి అల్యూమినియంవి, ఒకసారి అరిగితే పట్టు పోయినట్టే. చుట్టూ బ్యూటైల్ సమానంగా బయటికి ఉబికితే చాలు. ఒకచోట ఉబికి పక్కన రాలేదంటే అక్కడ సందు ఉంది.

ఉబికిన దాన్ని మర్నాడు ప్లాస్టిక్ పట్టీతో కోసేయండి. పైఅంచుకూ పక్కలకూ సన్నటి పాలీయురెథేన్ సీలెంట్ గీత లాగొచ్చు, కింది అంచు మాత్రం వదిలేయండి. సిలికాన్ వాడొద్దు. దాని మీద పెయింట్ పట్టదు, పీకినా జిడ్డు పోదు. వెనిగర్ వాసన వచ్చే రకమైతే లోహాన్నీ తింటుంది.

నీళ్ల పరీక్ష

సీలెంట్ రోజుకు సుమారు 3 మి.మీ. లోతు ఆరుతుంది. ఆరాక లోపల రింగ్ కింది అంచు పొడవునా టిష్యూ కాగితం అంటించండి. బయట గొట్టంతో ధార మెల్లగా, ముందు కింది అంచు మీద, తర్వాత పక్కల, చివరికి పైన, ఒక్కోచోట కొన్ని నిమిషాలు పట్టండి. పైనుంచి మొదలుపెడితే తడి ఎక్కడి నుంచి వచ్చిందో తేలదు. ప్రెషర్ వాషర్ వాడొద్దు. కాగితం తడిస్తే ఆ వైపు స్క్రూలు పావు చుట్టు బిగించి మళ్లీ చూడండి. అప్పటికీ కారితే పైన సీలెంట్ పూసి కప్పిపుచ్చకండి, ఫ్రేమ్ విప్పి కొత్త బ్యూటైల్‌తో మళ్లీ కూర్చోబెట్టండి.

బండి వారం పది రోజులు తిరిగాక స్క్రూలు మరోసారి చేతితో చూడండి. బ్యూటైల్ అణిగి కొన్ని వదులవడం మామూలే.